స్టీరింగు పక్కన గేరు రాడ్డు

మా నాయన రెడ్డెప్ప మదనపల్లెలో బాడుగకు తిప్పిన ఫియట్ అది. క్రీము రంగు, బెంచీ సీటు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. శుక్రవారం వస్తే ఆ రాడ్డుకు కుంకుమ బొట్టు పెట్టందే బండి కదిలించేవాడు కాదు. ఇంకొకరు దాన్ని ముట్టుకుంటే ఊరుకునేవాడూ కాదు.

ఆయన పోయాక, 1999లో, ఆ కారును ఉన్నదున్నట్టుగా బాగుచేయాలని పూనుకున్నాను. పాత సామాన్ల కోసం బెంగుళూరు పోయి వచ్చేసరికి నా తమ్ముడు యువరాజ్ దాని కొంప ముంచాడు. ఎర్ర రంగు కొట్టించాడు. విడి సీట్లు వేయించాడు. గేరును కిందికి మార్పించి, పాత రాడ్డును ఇనుప సామాన్లవాడికి వేసేశాడు.

"ఎవర్ని అడిగి చేసినావురా?"

"యాల అరుస్తావన్నా? నాయన బండి నాదీ గదా. ఎక్కి సూడు, ఎంత బాగుండాదో."

ఒళ్ళు మండిపోయింది. ఏమేం పాడుచేశాడో అంతా చూసి మరీ తిడదామని ఎక్కాను. ఆ రోజు శుక్రవారమని ఇద్దరికీ తట్టలేదు.

వాడు నడుపుతుంటే పుంగనూరు దారి పట్టాం. పొద్దు గూకింది. టమోటా చేలమీద నుంచి తడి మట్టి వాసన వస్తోంది. కారు లోపల కొత్త పెయింటు వాసన. కాసేపటికి అది పోయి బీడీ వాసన మొదలైంది. మా ఇద్దరికీ బీడీ అలవాటు లేదు.

టక్...

స్టీరింగు పక్కన. పాత గేరు పడిన చప్పుడు.

"నేను మార్సలేదన్నా..." యువరాజ్ గొణిగాడు.

కొత్త గేరు కదల్లేదు. వాడి ఎడమ చెయ్యి మాత్రం గాలిలో, పాత రాడ్డు ఉండాల్సిన చోట, పిడికిలి బిగించి ఉంది. వేళ్ళు పాలిపోయాయి.

"చెయ్యి రావడం లేదన్నా... ఎవరో పట్టుకొనుండారు..."

టక్... వేగం పెరిగింది. బ్రేకు పడటం లేదు. ఎదురుగా లారీ దీపాలు...

నాకు భయం కంటే ముందు కోపమే వచ్చింది. ఈసారి తమ్ముడి మీద కాదు.

"నాయనా, ఇడ్సు వాణ్ణి," అన్నాను పళ్ళు బిగించి. "బండి నీదే. వాడు నా తమ్ముడు."

పిడికిలి విడింది. కారు రోడ్డు దిగి మట్టిలో కూరుకుపోయి ఆగింది. వాడి అరచెయ్యంతా తడి కుంకుమ.

ఆ రాడ్డునే వెతికి తెచ్చి మళ్ళీ బిగించాను. క్రీము రంగు వేయించాను. శుక్రవారం తప్పకుండా బొట్టు పెడుతున్నాను. ఇంకేం చేయాలి ఆయనకు?

కారును ఇంటి వెనక రేకుల కింద నిలిపి, చక్రాలకు రాళ్ళు పెడతాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. అయినా శనివారం పొద్దున చూస్తే గేరు పడి ఉంటుంది. రాళ్ళు పక్కకు పోయి ఉంటాయి. కారు యువరాజ్ పడుకునే గది వైపు జానెడు జరిగి ఉంటుంది.

పోయిన వారం బంపరు గోడకు తగిలింది. నేనే వాడి మంచాన్ని ఇంకో గదిలోకి మార్చాను.

ఈ పొద్దున కారు ఆ రెండో గది వైపు తిరిగి ఉంది.