మాస్టారి మనోబింబం

2094లో చంద్రుడి మీద నుంచి ఏ నౌక బయల్దేరాలన్నా ఓరుగంటి సాంబమూర్తి గారు సరేననాలి. ఆయన పోయి నూట నలభై ఏళ్లు దాటింది.

బతికున్నప్పుడు ఆయన భీమిలిలో లెక్కల మాస్టారు. విమానమే వింతయిన రోజుల్లో, ఖాళీ అయిన ఇంధన తొట్టెలను ఒక్కొక్కటే వదిలేస్తూ పోతే రాకెట్ భూమ్యాకర్షణను దాటగలదని లెక్కగట్టారు. ముప్ఫై ఏళ్లపాటు పండిత సంఘాలన్నిటికీ ఉత్తరాలు రాశారు. ఒక్కరూ బదులివ్వలేదు.

అలాంటి మనిషికి ఇప్పటికైనా న్యాయం జరగాలని డాక్టర్ కొయ్యాన హైమ 'మనోబింబం' తయారుచేసింది. ఆయన నోటుపుస్తకాలు, ఉత్తరాలు, చివరికి కొట్టివేతలు కూడా న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పింది. ఏ కొత్త ప్రశ్న వేసినా అది ఆయన ఆలోచించినట్టే ఆలోచిస్తుంది. నౌకాయాన మండలి దాన్నే ప్రధాన పరీక్షకుడిగా పెట్టుకుంది.

తొమ్మిది రోజుల్లో బయల్దేరే నౌకలో, మూడో తొట్టె విడిపోగానే విపరీతమైన ఊగుడు మొదలవుతుందని బత్తుల యాకోబు అనే వెల్డర్ ఒక పేజీ లెక్క రాసి తెచ్చాడు. హైమ సరిచూసింది. లెక్క నిజమే. నాలుగుసార్లు మాస్టారి ముందు పెట్టింది. నాలుగుసార్లూ ఆయన పక్కన పెట్టించారు.

"ఒక్క పేజీ మాస్టారూ. నలభై మంది ఎక్కుతున్నారు."

"తొట్టెల లెక్క నాదమ్మా. దాన్ని దిద్దడానికి వెల్డింగ్ చేసుకునేవాడు కావలసొచ్చాడా?"

"చూడకుండానే ఎలా అంటారు?"

"చూడక్కర్లేదు."

"పోనీ నా పేరు కొట్టేసి ఇవ్వండి మేడమ్, లెక్క చూస్తే చాలు" అన్నాడు యాకోబు. అలా ఇచ్చినా ఆయన ముందు అడిగింది ఎవరు రాశారనే.

ఇంత బాధపడిన మనిషి ఇలా మాట్లాడడు, నెట్‌వర్క్‌లోనే ఏదో తేడా ఉందనుకుంది హైమ. విసుగుతో మూడు రోజులు యంత్రాన్ని విప్పి వెతికింది. చివరికి అసలు కాగితాలే ముందేసుకుని కూర్చుంది. వాటిలో 1927లో చిట్టివలస మేస్త్రీ ఒకరు మాస్టారికి రాసిన ఉత్తరం దొరికింది. తొట్టె విడిపోతే రాకెట్ ఊగదా అని అతను మర్యాదగా అడిగాడు. వెనకవైపు సాంబమూర్తి గారి చేతిరాత: "జవాబు అనవసరం."

యంత్రంలో ఏ లోపమూ లేదు.

హైమ దాన్ని ఆపేసి, యాకోబు కాగితం పట్టుకుని మండలికి వెళ్లింది. అధ్యక్షురాలు కాగితం అందుకోకుండానే అడిగింది.

"మాస్టారేమన్నారు?"

పరీక్షకుడు లేకుండా ఏ నౌకా కదలకూడదన్న నిబంధన వల్ల ప్రయాణమైతే ఆగింది. యాకోబు కాగితాన్ని మండలిలో ఎవరూ విప్పి చూడలేదు.