ఆ దీవి తీరం ఎవరిది

"ఈ తీరం బాలేదు," అన్నాను.

లరాస్ స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఏం బాలేదు?"

"పడమటి పక్కంతా నున్నగా ఉంది. అలలు సెలవు పెట్టాయా?"

"పెట్టాయి. నీ సంతకం కోసమే చూస్తున్నాయి, కాంగ్ యయాన్." 'కాంగ్' అని మా వైపు పెద్దవాళ్ళని గౌరవంగా పిలుస్తారు, ఆమె మాత్రం వెటకారంగా అంది.

పక్క సీట్లోంచి టోగర్ పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఇండోనేషియాలోని బాండుంగ్‌లో మా చిన్న స్టూడియో పని, లేని దేశాలకు పటాలు గీయడం. డ్రాగన్ల నవలలకీ, ఆటలకీ. తీరాలు నా వంతు. చేత్తో గీసిన తీరం అబద్ధంలా ఉంటుంది. అందుకే గోడ మీది చెమ్మ, బల్ల మీద ఒలికిన కాఫీ, ఏ మరక కనిపించినా ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌లో పూర్తి నలుపు తెలుపుల్లోకి మార్చేస్తాం. మరక అంచే తీరమైపోతుంది. ఈ విద్య లరాస్‌కి నేర్పింది నేనే.

అలాంటిది, ఈ మధ్య ఆమె ఫోను టోగర్ కాఫీ గ్లాసు చుట్టూ తిరుగుతోంది. పర్వతాలు గీయడానికి మేడాన్ నుంచి కొత్తగా వచ్చాడు. గొంతూ పెద్దదే, భుజాలూ పెద్దవే. అతను గ్లాసు ఎత్తడమే ఆలస్యం, కింది మరకని ఫొటో తీసేస్తుంది. నేనూ కావాలనే కాఫీ ఒలకబోసి చూశాను. గుడ్డ తెచ్చిచ్చింది.

జనం మొహాలు గుర్తుపట్టినట్టు నేను మరకల్ని గుర్తుపడతాను. ఈ దీవిని మాత్రం ఎక్కడా చూడలేదు. మేం పటం గీస్తున్న నవలలో కథానాయిక చివరికి చేరుకునే దీవి అది.

"ఎవరి గ్లాసు కింద మరక?"

"గ్లాసుది కాదు. ఒకరిది."

"నాకు తెలుసు బ్రో," అన్నాడు టోగర్. "అసలు ఫొటో నాకు చూపించింది."

తీరాలు నేర్పిన నాకు చూపించలేదు. వాడికి చూపించింది.

సాయంత్రం వాన మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగులో పకోడీలకి వెళ్ళారు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మొన్నటి వానలో ఆమె నా బైక్ మీద నా వెనకే ఉంది. ఫ్లైఓవర్ కింద ఆగితే, "వీపు మీద పురుగుంది, కదలకు," అంది. ఎంతసేపటికీ ఆ పురుగుని తీయలేదు. తలుచుకుంటే ఏడుపొచ్చింది.

వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాను. స్క్రీన్ మీద బ్రష్ తీసుకుని ఆ నున్నటి ఒడ్డుని కసిగా కొరికేశాను. వాగులు పెట్టాను, రాళ్ళు పెట్టాను.

లరాస్ వచ్చి చూసింది. పకోడీల పొట్లం బల్ల మీద పెట్టింది.

"ఏం చేశావ్?"

"సరిచేశాను. నిజం తీరంలా."

"ఈ పటంలో నిజమైంది అదొక్కటే, యయాన్."

నన్ను లేపి కూర్చుని, నేను చేసినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. తర్వాత అన్నిటికంటే అడుగున దాచిన లేయర్ తెరిచింది.

నీలం గళ్ళ గుడ్డ. చుట్టూ తడిసి నల్లబడింది. మధ్యలో తడవని చోటు, అచ్చం ఆ దీవి. పైన కాలరుకి మా అమ్మ వేసిన ఎర్ర దారం కుట్టు.

మొన్నటి వానలో నా చొక్కా. నేనెప్పుడూ చూడని నా వీపు.

"ఇది నా భుజం," అని తూర్పు కొస చూపించింది. వేలు పడమటి ఒడ్డుకి జరిగింది. "ఇక్కడ చెంప ఆనించాను. అక్కడ అలలెందుకుంటాయి, మొద్దూ?"

"మరి వాడికెందుకు చూపించావ్?" అన్నాను.

"నీకెలా చెప్పాలో అడగడానికి."

"చెప్పెయ్యమన్నాను," అన్నాడు టోగర్, నోటినిండా పకోడీతో. "వింటేగా."

వాన తగ్గలేదు. ఇద్దరం కిందికి దిగి బైక్ దగ్గర నిలబడ్డాం.

"రెయిన్‌కోట్ ఉందా?" అడిగింది.

"సీటు కింద రెండున్నాయి."

"ఆ రోజు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఆ రోజూ ఉన్నాయి."

లరాస్ నన్ను అలాగే చూసింది. తర్వాత, నేను తెరవబోయిన సీటు మీద ఎక్కి కూర్చుంది.

నేను ముందు ఎక్కగానే, "పోనీ," అంది, నా వీపుకి చెంప ఆనించి.