చాప అల్లినవాళ్ళ మాట

పైడితల్లి జ్ఞాపకాలు తీసే తలపుపట్టీని తడిగుడ్డతో తుడిచి, ఆ ఉదయం వచ్చిన ఐదో దాత నుదుటికి కట్టింది. ఫిజీ రేవులోని స్మృతిమార్పిడి కేంద్రంలో రోజూ ఇదే పని. ఈ తీరాన పెద్దవాళ్ళు ఒక జ్ఞాపకం ఇస్తారు. పసిఫిక్ అవతలి తీరాన ఒక విద్యార్థిని దాన్ని తలలో నిలుపుకుని, తరగతికి చరిత్ర పాఠంగా చెబుతుంది. అటు చేరగానే ఇటు చెరిపెయ్యాలి. దీవులవాళ్ళు చాప కానుకిస్తే అది మళ్ళీ తమ ఇంట్లో ఉండదు కదా, ఆ ఆచారం చూసి పెట్టిన నియమం ఇది. పెట్టిన మహానుభావులు ఏ దీవిలోనైనా ఒక్క పూట ఉన్నారో లేదో మరి.

తనదాకా వస్తేగానీ తెలియదంటారు. పైడితల్లికి వచ్చింది. పదకొండేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరేటప్పుడు, చెరకుతోటల తెలుగువాళ్ళ చరిత్ర కోసమని తన తల్లి జ్ఞాపకాన్ని ఇచ్చేసింది. ఇప్పుడు తల్లి పేరు తెలుసు, ముఖం తెలియదు. అన్నం కలుపుకునేటప్పుడల్లా పక్కన ఎవరో ఉండాలనిపించి ప్రాణం కొట్టుకుంటుంది.

ఐదో దాత లోసా, మునిగిపోయిన దీవి నుంచి వచ్చిన ముసలమ్మ. ఆమె ఇస్తున్నది, తల్లితో కలిసి ఆఖరి చాప అల్లిన రోజు. చెవిలోని అనువాద యంత్రం ఆమె మాటల్ని పైడితల్లి ఇంటి తెలుగులోకి దించింది.

"అమ్మీ, ఇది పంపేసాక ఆనాటి మా అమ్మ గురించి నాకేటీ తెలీదా?"

"తెలీదు మామ్మా. నువ్వు ఒప్పుకున్న కాయితంలో అదే ఉంది."

"చాప ఇచ్చేస్తాం, నిజమే. అల్లినోళ్ళ మాట కూడా ఇచ్చేస్తామేటి? తీసుకున్నోళ్ళు మా గుమ్మంలోకొచ్చి అడగాల, ఎవరల్లారు, ఎలాగల్లారని. మేం చెప్పాల. చుట్టరికం అలాగే కదా కలుస్తాది."

జ్ఞాపకం చిలీ బడికి చేరిపోయింది. అరనిమిషంలో చెరుపుమీట నొక్కకపోతే ఉద్యోగం ఊడుతుంది. పైడితల్లి మీట మీద వేలు పెట్టి, ముసలమ్మ ముఖం చూసింది. పోతే పోనీ అనుకుని పట్టీ విప్పేసింది.

తెర ఎర్రబడింది: "ఒక జ్ఞాపకం, ఇద్దరు యజమానులు. పాఠం నిలిపివేయబడింది." ఆగిన తరగతిలోంచి, ఆ జ్ఞాపకం అందుకున్న పిల్ల గొంతు వినిపించింది. దాతల్ని ప్రశ్న అడగడం ఏ బడిలోనూ లేదు, అడిగినా చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగిలేది కాదు.

"వాళ్ళమ్మ అల్లుతూ అల్లుతూ మధ్యలో ఎందుకు నవ్వింది?"

లోసా ముందుకు వంగి చెప్పడం మొదలుపెట్టింది.

పై అధికారి వచ్చేలోగా పైడితల్లి పాత దస్త్రం తెరిచింది. తన జ్ఞాపకం వెళ్ళింది ఒసాకాలో ఒక అమ్మాయికి. ఇప్పుడు పెద్దదై ఉంటుంది.  ఆమెకి రాసింది:

"మా అమ్మ నీ దగ్గరుంది. నన్ను ఏమని పిలిచేదో చెప్తావా?"