ఆక్‌బెల్ గేట్ల పేజీ

అసిల్‌బెక్ చనిపోయిన టీకొట్టులో కల్నల్ జుమగుల్ మొదట చూసింది శవాన్ని కాదు, దాని ముందున్న టీ గిన్నెను.

"అంచుదాకా పోశారు," అంది.

పక్కనే నిలబడ్డ ఏజెంట్ మిర్లాన్‌కు ఆ ఒక్క మాట చాలింది. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో పుట్టినవాడెవడూ ఎదుటి మనిషికి గిన్నె నిండా టీ పోయడు. సగానికి పోసి, తాగాక మళ్లీ సగం పోస్తాడు. నిండా పోశారంటే ఇక లేచి వెళ్లమని చెప్పినట్టు. అసిల్‌బెక్‌కు ఆ గిన్నెలో విషం కలిపి ఇచ్చినవాడికి విషం గురించి అంతా తెలుసు, మర్యాద గురించి ఏమీ తెలియదు. అంటే బయటి దేశం వాడు.

కారులో బ్రీఫింగ్ జరిగింది. గూఢచారి సంస్థ ఏడో విభాగంలో అందరూ ఎజే అని, అంటే అక్కా అని పిలిచే జుమగుల్‌కు ఏదైనా రెండు ముక్కల్లో తేల్చడం అలవాటు. చనిపోయినవాడు జల విభాగంలో డాక్యుమెంటేషన్ చూసుకునేవాడని చెప్పింది. నది మీద పైన కారాతాష్ డ్యామ్, కింద ఆక్‌బెల్ డ్యామ్. వాటి గేట్లను నడిపే కంప్యూటర్లన్నీ లినక్స్ మీద పనిచేస్తాయి. వాటిలో ఏ ప్రోగ్రామ్‌ను ఎలా అమర్చాలో, ఏ ఫైల్లో ఏం రాయాలో చెప్పే పేజీలు రాసి, అవి పాతబడకుండా చూసుకోవడమే అతని ఉద్యోగం.

"అలాంటి మనిషిని చంపేదెవరు ఎజే?"

"నీలిగద్ద."

ఆ విదేశీ ముఠా పేరు వినగానే మిర్లాన్ నిటారుగా కూర్చున్నాడు. వాళ్ల సందేశమొకటి విభాగం చేతికి చిక్కింది: 'గద్ద పదింటికి వాలుతుంది'. ఏ రోజో, ఎక్కడో అందులో లేదు. డ్యాముల కంప్యూటర్లన్నిటికీ కొత్త వెర్షన్ ఎక్కించేది మాత్రం మే నెల చివరి శుక్రవారం పొద్దున పదింటికి.

"సోమవారం నుంచి ఆ చచ్చిపోయినాయన కుర్చీ నీది," అంది జుమగుల్.

మిర్లాన్ సరిహద్దు కొండల్లో పనిచేసినవాడు. తనను మళ్లీ అక్కడికే పంపమని బతిమాలాడు. కుర్చీలో కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకుతాయన్నాడు.

"పాకనీ. పాకుతున్నా కదలనివాణ్నే గూఢచారి అంటారు."

సోమవారానికి మిర్లాన్ కాస్తా తలాయ్ అయ్యాడు. మీసం తీసేశారు. ఫొటోలు తీసే కళ్లజోడు ఇచ్చారు, నొక్కితే మత్తు పొగ చిమ్మే పెన్ను ఇచ్చారు. ఫోనులో 'కుమిస్ పులిసిందా?' అని, అంటే గుర్రప్పాలు పులిశాయా అని ఎవరైనా అడిగితే, 'ఇంకా గుర్రం ఈనలేదు' అని బదులు చెప్పాలి. ఏదీ తేలలేదని దాని అర్థం. ఆ మూడు వారాల్లో ఆ గుర్రం ఒక్కసారీ ఈనలేదు.

ఆఫీసులో అతనికి పని నేర్పింది ఎల్నూరా. ఒక సలహా సంస్థ తరఫున వచ్చిన సీనియర్ నిపుణురాలు. ఆకుపచ్చ పట్టు కోటు, చెవులకు వేలాడే వెండి, ఆమె వెళ్లిపోయాక కూడా గదిలోనే ఉండిపోయే అత్తరు. మొదటి రోజే మిర్లాన్ ఆమె టీ పోసే తీరు గమనించాడు. సరిగ్గా సగం. పైగా గిన్నెను కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో మోచేతిని తాకుతూ అందించింది. అనుమానితుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు.

పని చిన్నదే, నియమం మాత్రం గట్టిది. పేజీలో ఒక్క అక్షరం మార్చాలన్నా ఒకరు రాయాలి, రెండోవారు చూసి ఆమోదించాలి. మిర్లాన్ రాస్తాడు, ఎల్నూరా ఆమోదిస్తుంది.

"తలాయ్ బైకే, కీబోర్డు మీద మీ వేళ్లు పడుతుంటే గొర్రెను పడేసి కోస్తున్నట్టుంది," అనేది నవ్వుతూ. తనకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనే అర్థంలో బైకే అని పిలిచేది. ఆ మర్యాదలోనే కావలసినంత వెక్కిరింత కలిపేది.

మిర్లాన్‌కు కాలు నిలిచేది కాదు. పేజీలో ఒక పేరా చదివి కిటికీ దాకా వెళ్లేవాడు. కాలవ గట్టున ఉన్న పోప్లార్ చెట్లను చూసి వెనక్కి వచ్చేవాడు. మళ్లీ అదే పేరా. ఈలోగా అక్క బురుల్ ఫోన్ చేసేది. ఆక్‌బెల్ వంతెన దిగువన, నది ఒడ్డున ఆమెకు చేపల చెరువు ఉంది, ఎండాకాలం వచ్చేవాళ్ల కోసం నాలుగు గుడారాలు వేస్తుంది. ఈ ఏడు మంచు తొందరగా కరిగి నది నిండుగా ఉందని, చేపలు బాగా ఎదిగాయని, పిల్లలు మామ ఎప్పుడొస్తాడని అడుగుతున్నారని చెప్పేది. శుక్రవారం మాత్రం ఒడ్డున ఉండకండి అని నోటిదాకా వచ్చేది. ఎందుకని అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఏముంది? అసలు ఏం జరుగుతుందో అతనికే తెలియదు. 'చేపలు అయిపోకముందే వస్తాలే' అని పెట్టేసేవాడు.

ఉన్న పేజీలన్నీ చదివాడు. వాటిలో ముఖ్యమైనది గేట్ల గడియారం పేజీ. కారాతాష్, ఆక్‌బెల్ గేట్లు ఎప్పుడూ ఒకేసారి తెరుచుకోకూడదు. గడియారం చూసుకుని వంతులవారీగా తెరుచుకోవాలి. అందుకే వాటి కంప్యూటర్లు సరైన టైమును ఏ సర్వర్‌ను అడిగి తెలుసుకోవాలో ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి ఉంటుంది. కొత్త వెర్షన్ ఎక్కిన వెంటనే ఆ ఫైలును మళ్లీ రాయాలి. ఏం రాయాలో ఈ పేజీ చెబుతుంది. మిర్లాన్ దాన్ని ఎన్నిసార్లు చదివినా ఏ తప్పూ దొరకలేదు.

శుక్రవారం పొద్దున అతను మరీ కుదురుగా లేడు. చేతులకు పని కావాలి. బల్ల మీద పరీక్షల కోసం ఉంచిన స్పేర్ మెషీన్లు రెండున్నాయి. అసిల్‌బెక్ ముసలి చాదస్తంతో దేన్నీ కాపీ చేయకుండా, ప్రతి లైనూ రెండు వేళ్లతో కొట్టేవాడని ఆఫీసులో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. మిర్లాన్ కూడా పేజీలో ఉన్నది ఒక మెషీన్లో అలాగే కొట్టాడు. రెండో మెషీన్ దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చింది. డ్యాముల దగ్గర ఆపరేటర్లంతా చేసే పనే చేశాడు. పేజీ మధ్యలో బూడిదరంగు పెట్టెలో ఉన్నది కాపీ చేసి, పేస్ట్ చేసి, టీకి వెళ్లాడు.

టీ తాగి వచ్చేసరికి రెండు మెషీన్ల గడియారాలు వేరువేరు టైములు చూపిస్తున్నాయి.

పేస్ట్ చేసిన ఫైలు తెరిచాడు. అందులో పేజీ మీద లేని లైను ఒకటుంది. పేజీలో అది బూడిదరంగు పెట్టెలో అదే బూడిదరంగు అక్షరాలతో దాక్కుంది. కంటికి కనపడదు, కాపీ చేస్తే మాత్రం మిగతా లైన్లతో పాటు వచ్చేస్తుంది. టైమును మన సర్వర్‌ను కాక ఎక్కడో ఉన్న మరో సర్వర్‌ను అడగమని చెబుతోంది. అది ఒక్కో డ్యాముకు ఒక్కో టైము చెప్పగలదు. గేట్లు ఎలా తెరుచుకుంటాయో బొమ్మగా చూపించే ప్రోగ్రామ్‌ను ఆ మెషీన్ మీద నడిపాడు. పదకొండింటికి కారాతాష్ గేట్లు తెరుచుకున్నాయి. పదకొండింటికే ఆక్‌బెల్ గేట్లూ తెరుచుకున్నాయి. పన్నెండింటికి వంతెన స్థానంలో నీలం రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

వంతెన దిగువన బురుల్ గుడారాలు.

ఫోన్ ఎత్తాడు. చప్పుడు లేదు. సెల్‌ఫోన్లో సిగ్నల్ లేదు. ఊరి ఫోన్లు, కొండల ఫోన్లు ఒకేసారి చచ్చిపోయాయి. గద్ద రెక్కలు చాపింది. గోడ మీద టైము పదికి పది నిమిషాలు తక్కువ. ఆఫీసు నెట్‌వర్క్ ఒక్కటే పనిచేస్తోంది. ఆపరేటర్లకు మెయిల్ పంపితే ఎల్లుండి చదువుతారు. పదింటికి వాళ్లంతా తప్పకుండా తెరిచేది ఒక్కటే, ఆ పేజీ.

కూర్చున్నాడు. దొంగ లైను తీసేశాడు. ఇప్పటికే ఎవరైనా పేస్ట్ చేసి ఉంటే వాళ్ల ఫైలు కూడా సరిచేసేలా మరో లైను చేర్చాడు. 'పంపు' నొక్కాడు. తెర మీద ఒక ముక్క వచ్చింది: 'ఆమోదం కోసం వేచి ఉంది.'

"కుర్చీ అలవాటైనట్టుందే, మిర్లాన్ బైకే."

తలుపు దగ్గర ఎల్నూరా నిలబడి ఉంది. చేతిలో చిన్న పిస్టల్. అసలు పేరుతో పిలిచింది. మిర్లాన్ చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది.

"అది మామూలు పెన్నే. నీది మంగళవారం నుంచి నా బ్యాగులో ఉంది."

"టీ ఎవరు పోశారు?"

"మావాడొకడు. సగమే పొయ్యాలని ఎన్నిసార్లు చెప్పినా వాడి బుర్రకెక్కలేదు." ఆమె విసుక్కుంది. తర్వాత గొంతు తగ్గించింది. ముసలాయన్ను చంపుతారని తనకు ముందు చెప్పలేదంది. గేట్ల లెక్కలు దొంగిలించడానికే ఈ పనంతా అని, దీంతో ఎవరికీ ఏ హానీ జరగదని అంది.

"ఆ లైను నువ్వు రాశావా?"

"వాళ్లు పంపారు. ప్రతి లైనూ తన చేత్తో కొట్టి చూసే ముసలాయన పోయాక, పాత పేజీలన్నీ శుభ్రం చేశామని పెద్ద కట్ట పంపారు. నేను ఆమోదించాను."

"చదివావా?"

ఎల్నూరా పిస్టల్‌ను చేతిలో సర్దుకుంది.

"రెండో మెషీన్ చూడు," అన్నాడు మిర్లాన్. ఆమె నమ్మలేదు. అది నువ్వు తయారుచేసిన బొమ్మ అంది. అయితే నువ్వే కాపీ చేసి, నువ్వే పేస్ట్ చేసి చూసుకో అన్నాడు. పిస్టల్ అతని మీదినుంచి తీయకుండా ఒంటి చేత్తో చేసింది. కారాతాష్ తెరుచుకుంది. ఆక్‌బెల్ తెరుచుకుంది. నీలం రంగు వంతెనను మింగింది.

ఆమె కళ్లు ఆ వంతెన దగ్గరే ఆగిపోయాయి. మిర్లాన్ అది పట్టేశాడు.

"నిన్ను ఎక్కడ ఉండమన్నారు?"

"ఆక్‌బెల్ వంతెన మీద. పన్నెండింటికి కారు వస్తుందన్నారు."

"వంతెన కింద మా అక్క ఉంది. ఇద్దరు పిల్లలు. నీకూ వాళ్లకూ ఒకటే నీళ్లు."

ఎల్నూరా అతన్ని భుజంతో పక్కకు నెట్టి కుర్చీలో కూర్చుంది. పిస్టల్ బల్ల మీద పెట్టింది, చేతికందేంత దూరంలోనే. తెర మీద మిర్లాన్ పంపిన మార్పు తెరుచుకుంది. కింద ఆమోదం బటన్.

గోడ గడియారంలో పదికి ఒక్క నిమిషం ఉంది.

"నొక్కు," అన్నాడు.

"ఉండు. చదువుతున్నా."

మిర్లాన్‌కు కాళ్లకింద నిప్పులు పోసినట్టయింది. ఆమె పైనుంచి మొదలుపెట్టింది, ఒక్కో లైనూ వేలితో చూపించుకుంటూ. ఆకుపచ్చ కోటు భుజం మీదుగా అతను వంగాడు, లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు.

"ఎల్నూరా, పదవుతోంది."

"ఈ కింద లైను ఎందుకు చేర్చావు?"

"ముందే పేస్ట్ చేసినవాళ్ల కోసం. తొందరపడేవాళ్లు ఉంటారు కదా. దయచేసి నొక్కు."

"ఇందులో కనపడనిది ఇంకేమైనా ఉందా?" అంది. మొత్తం కాపీ చేసి ఖాళీ ఫైల్లో పేస్ట్ చేసి మరీ సరిచూసుకుంది. సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి చేరుతుండగా, ఏమీ లేదని తనకు తనే చెప్పుకుని, నొక్కింది.

పేజీ మారింది. అటు కొండల్లో ఎవరో ఆపరేటర్ ఆవులిస్తూ అదే పేజీ తెరిచి ఉంటాడు.

గోడ మీది పెద్ద తెరపై స్టేషన్ల గడియారాలు వరుసగా ఉన్నాయి, టైము సరిపోయినవి ఆకుపచ్చగా, సరిపోనివి ఎర్రగా. కారాతాష్ పైగేటు ఎరుపులోంచి ఆకుపచ్చకు మారింది. కారాతాష్ కిందిగేటు మారింది. ఆక్‌బెల్ మొదటిది మారింది. ఆక్‌బెల్ రెండోది మారలేదు. వెనక బల్ల మీంచి పిస్టల్ తీసిన చప్పుడు మిర్లాన్ విన్నాడు. మడమల చప్పుడు తలుపు వైపు వెళ్లడమూ విన్నాడు. వెనక్కి తిరిగి పట్టుకుంటే పట్టుబడేదే. అతని కళ్లు ఆ ఎర్ర అంకెల మీంచి కదల్లేదు. జీవితంలో మొదటిసారి అతను నిలబడ్డచోటే నిలబడ్డాడు.

ఆక్‌బెల్ రెండోది ఆకుపచ్చగా మారేసరికి గదిలో అత్తరు వాసన ఒక్కటే మిగిలింది.

మధ్యాహ్నానికి ఫోన్లు వచ్చాయి. టీ పోసినవాణ్ని విమానాశ్రయంలో పట్టుకున్నారు. వాడి ద్వారా మరో నలుగురు దొరికారు. ఎల్నూరా దొరకలేదు. కళ్లముందే పోతుంటే చూస్తూ ఉన్నావా అని జుమగుల్ గట్టిగానే తిట్టింది. చూడలేదు ఎజే, వినడం మాత్రం విన్నానని చెప్పాడు. ఆదివారం బురుల్ దగ్గరికి వెళ్లి మూడు చేపలు తిన్నాడు. నీళ్లు ఎంత నెమ్మదిగా పోతున్నాయో చూశావా అని ఆమె అడిగితే, చూశాను అక్కా అన్నాడు.

పదిహేను రోజులకు జుమగుల్ అతన్ని మళ్లీ సరిహద్దుకు పంపుతూ ఉత్తర్వు తెచ్చింది. అతను గడియారం పేజీ తెరిచి కూర్చుని ఉన్నాడు. ఎవరో పేరు తెలియని మనిషి ఎక్కడో బయటి దేశం నుంచి ఆ పేజీకి ఒక మార్పు పంపారు. ఫైలును మార్చేముందు పాత ఫైలుకు నకలు తీసి పెట్టుకోమని చెప్పే లైను ఇందులో లేదు, చేర్చండి అని. కింద చిన్న మాట: 'గొర్రెను కోసే ముందు కత్తి చూసుకోవాలి కదా, బైకే.'

జుమగుల్ అది చదివి కళ్లు చిట్లించింది. "శత్రువు పంపిన మార్పును ఆమోదిస్తావా?"

మిర్లాన్ అప్పటికే దాన్ని ఒక మెషీన్లో కొట్టి, ఇంకోదానిలో పేస్ట్ చేసి చూశాడు. రెండూ ఒకేలా వచ్చాయి.

"ఏం చెయ్యను ఎజే," అన్నాడు బటన్ నొక్కుతూ. "ఆమె చెప్పింది కరెక్టే."