పోయిందని చెప్పిన గొంతు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారే. కోడలు వంటింట్లోకి వచ్చేసరికి టీ మరిగి ఉంటుంది, మనవరాలి స్కూలు డబ్బా మూత పెట్టి ఉంటుంది, ఆవిడ మాత్రం కనిపించదు. ఇదివరకు అలా కాదు. ఆవిడ ఇంట్లో ఉందంటే వీధి చివరికి తెలిసేది. గిన్నెలు మోగేవి, రేడియో మోగేది, ఆ రెండింటినీ మించి ఆవిడ మోగేది. అలాంటి మనిషి నడిస్తే, రెండేళ్ళుగా అడుగుల చప్పుడు కూడా వినిపించడం లేదు. "మీ అమ్మ పిల్లిలా తిరుగుతోంది, గమనించావా?" అని కోడలు ఒకసారి భర్తను అడిగితే "వయసు" అని తేల్చేశాడు. అతను బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేస్తాడు. చప్పుడు తగ్గితే బండి బాగుపడినట్టే అతని లెక్క.

ఆ ఉదయం కోడలు టీ పోసుకుంటూ అలమర వైపు చూసింది. డబ్బాలన్నిటికీ కాగితం చీటీలు అంటించి ఉన్నాయి. దేంట్లో ఏముందో, ఎక్కడ కొనాలో, ఎన్నాళ్ళకొకసారి ఎండబెట్టాలో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

"ఇవెందుకత్తయ్యా? మీరుండగా చీటీలు చదువుకునే ఖర్మ నాకేం పట్టింది?"

పెరటి గుమ్మం అవతలి నుంచి సమాధానం వచ్చింది. "ఉంటే మంచిదేగా."

ఇంతలో ఆరేళ్ళ కూతురు బూటు ఒకటి వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది. "అమ్మా, నానమ్మ గదిలో అద్దానికి దుప్పటి ఎందుకు కప్పి ఉంది?"

"దుమ్ము పడుతోందే" అంది గుమ్మం అవతలి గొంతు.

"మరి స్వెటర్లన్నీ ఎందుకు ఇచ్చేశావు?"

కోడలు పెరట్లోకి తొంగిచూసింది. తీగ మీద తడిబట్టలు ఊగుతున్నాయి. మనిషి లేదు. బస్సుకు టైమైపోతోందని గబగబా చెప్పులు వేసుకుంది.

ఆమె పనిచేసేది క్యాన్సర్ రిజిస్ట్రీలో. ఊళ్ళో ఏ ఆడమనిషికి రొమ్ములో గడ్డ ఉందని పరీక్షలో తేలినా ఆ కాగితం అక్కడికి చేరుతుంది. మళ్ళీ రమ్మంటే రానివాళ్ళకు ఫోన్లు చేయడం, ఎలా ఉన్నారో కనుక్కుని రాసుకోవడం కోడలి ఉద్యోగం. పేర్లు ఆమెకు కనిపించవు. ఫైలు నంబరు, వయసు, వార్డు, అంతే. ఫోను కూడా మిషనే కలుపుతుంది, కలిసిన నంబరు మాత్రం తెర మూల కనిపిస్తుంది. ముందు రికార్డు చేసిన గొంతు ఆఫీసు పేరు చెబుతుంది, తర్వాత ఆమె మాట్లాడాలి.

ఆ రోజు పెద్ద డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచి, తెర మీద రెండు గీతలు చూపించింది.

"ఇది కాలువకు అవతలి వార్డు, ఇది ఇవతలిది. లక్షమంది ఆడవాళ్ళలో ఏడాదికి ఎంతమంది ఈ జబ్బుతో పోతున్నారో ఈ గీతలు చెబుతాయి. పదేళ్ళపాటు రెండూ జోడెడ్లలా కలిసి కిందికి దిగాయి. ఇక్కడ చూడు."

రెండేళ్ళ కిందటి దగ్గర గీతలు విడిపోయాయి. అవతలిది ఇంకా దిగుతోంది. ఇవతలిది తల ఎత్తింది.

"మనది ఇవతలి వార్డే డాక్టరుగారూ" అంది కోడలు.

"తెలుసు. జబ్బు రెండు చోట్లా ఒకేలా వస్తోంది. చావు మాత్రం ఇవతలే పెరుగుతోంది. కాలువ దాటితే నీళ్ళు మారవు, గాలి మారదు, ఆస్పత్రీ మారదు. మరి మారిందేమిటి?" డాక్టరమ్మ ఒక కాగితం ఆమె ముందుకు జరిపింది. "ఈ పంతొమ్మిది మందీ పోయారని ఫోన్లో ఎవరో చెబితే రాసుకున్నాం. ఆస్పత్రి కాగితం ఒక్కరికీ లేదు. అందరి ఇళ్ళకూ మళ్ళీ ఫోన్ చెయ్యి. మెల్లిగా అడుగు. పుండు మీద కారం చల్లినట్టు ఉండకూడదు."

ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఒక భర్త, తర్వాత ఒక కొడుకు, ఒక చెల్లెలు. అన్నీ నిజమైన చావులే. ఎనిమిదో ఫోను ఒక కూతురు ఎత్తింది.

"అమ్మ పోయింది నిజమేనండీ. కానీ రెండేళ్ళ కిందట కాదు. మొన్న చలికాలంలో."

"ఇక్కడ రెండేళ్ళ కిందటే ఎవరో చెప్పినట్టు రాసి ఉందండీ. ప్రశాంతంగా పోయింది, ఇక ఫోన్ చెయ్యకండి అన్నారట."

"అప్పుడు మా ఇంట్లో ఫోనెత్తేది అమ్మొక్కతే" అంది ఆ అమ్మాయి. "అమ్మ సంగీతం టీచరు. చివరి నెల దాకా పిల్లలకు పాఠం చెప్పింది. మాకెవ్వరికీ తెలియనివ్వలేదు."

కోడలు ఆ మాట రాసుకుంది. తన చావు కబురు తానే చెప్పుకున్న మనిషి గొంతు, ఈ మిషన్లోంచే, ఈ కుర్చీలోనే కూర్చుని ఎవరో విన్నారు.

పన్నెండో ఫోను ఒక ఆడగొంతు ఎత్తింది. వెనకాల కుట్టుమిషను టకటకలాడుతూ ఆగింది. "ఆవిడ ప్రశాంతంగా పోయిందండీ. ఇక ఫోన్ చెయ్యకండి."

"తమరు ఆవిడకేమవుతారండీ?"

ఫోను పెట్టేశారు.

పద్నాలుగో ఇంట్లోనూ అవే మాటలు. గొంతు వేరు, మాటల వరస అదే, మధ్యలో ఆగడం కూడా అక్కడే. పదహారో ఇంట్లోనూ అంతే. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు. కోడలు గ్లాసెడు నీళ్ళు తాగి పదిహేడోది కలపమని మీట నొక్కింది.

రికార్డు గొంతు ఆఫీసు పేరు చెప్పి ఆగింది. అవతల ఎవరో నిట్టూర్చారు.

"ఆవిడ ప్రశాంతంగా పోయిందమ్మా. ఇక ఫోన్ చెయ్యకండి."

వెనకాల కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. మూడు బొట్లు, ఒక విరామం, మళ్ళీ మూడు బొట్లు. వాషరు మార్చమని నెల రోజులుగా ఆమె భర్తతో పోరుతున్న కుళాయి అది. కోడలు తెర మీది నంబరు చూసింది. పెళ్ళైన నాటినుంచి నోటికి వచ్చిన నంబరు. తన ఇంటి నంబరు.

"హలో?" అంది అత్తగారి గొంతు. "అప్పుడే చెప్పానుగా అమ్మా? ఆవిడ లేదు."

కోడలు తెర మీది అంకెల్ని ఒక్కొక్కటే మళ్ళీ చదివింది. ఫోను దానంతట అదే కట్టయింది.

తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రెండేళ్ళుగా ఆ ఇంట్లో టీ పెడుతున్నదెవరు? తలుపు తీయడానికి భయమేసింది. తీస్తే నిజంగానే ఎవరూ ఉండరేమోనని.

అత్తగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. "అప్పుడే వచ్చావేం? ఒంట్లో బాలేదా?"

కోడలు ఎదురుగా కూర్చుంది. "పొద్దున పదకొండింటికి మా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది కదా అత్తయ్యా. చేసింది నేనే."

ఒక బఠాణీ చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది.

"ఎడమ వైపు" అంది ఆవిడ, ఏదో డబ్బాలో ఏముందో చెబుతున్నట్టు. "రెండేళ్ళ కిందట మీ ఆఫీసు వాళ్ళు వీధిలో పరీక్షలు పెట్టారు చూడు, అప్పుడు తేలింది. మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళలేదు. ఫోన్ల మీద ఫోన్లు. ఒక రోజు విసుగొచ్చి, పోయిందని చెప్పాను. పోయినవాళ్ళ అడ్రసు ఎవరూ అడగరుగా. ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు? ఇదే నా పని కదా. రోజూ ఊరందరి బాగోగులూ అడుగుతాను. పక్క గదిలో ఉన్న మిమ్మల్ని అడగలేకపోయానా?"

"నీకు ఉద్యోగం వచ్చి అప్పటికి నెల. ఎన్ని పరీక్షలు రాశావో నేను చూశానుగా." అత్తగారు ఇంకో కాయ ఒలిచింది. "మా అత్తగారికీ ఇదే జబ్బు. నాలుగేళ్ళు మంచంలో ఉంది. బాలవాడిలో పసిపిల్లల్ని చూసుకునే నా పని మాన్పించి కూర్చోబెట్టారు. ఆవిడ పోయేనాటికి నన్నెవరూ పనిలోకి పిలవలేదు. ఆవిడ మీద కోపం కూడా ఉండేది నాకు. కట్టు మార్చేటప్పుడు నా మొహంలోకి చూసేది, పాపం, ఆ కోపం కనిపించేదేమో. నీ మొహంలో అది చూడలేననుకున్నాను."

"అందుకని బతికుండగానే పోయారా? అద్దం కప్పేసి, స్వెటర్లు పంచేసి?"

"పోయిందని చెప్పాక నిజంగానే అలా అనిపించడం మొదలైంది. వీధిలో నడుస్తుంటే నా నీడ ఉందో లేదో చూసుకునేదాన్ని. భయం మాత్రం పోయింది. పోయినదానికి ఇంక భయమేముంటుంది?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది ఆమెకు. "మీ ఒక్కరి మాటే అయితే మీ ఇష్టం అనుకునేదాన్నేమో. ఇవాళ ఇంకో మూడిళ్ళలో అవే మాటలు విన్నాను. ఒక్క అక్షరం తేడా లేదు."

అత్తగారు తలెత్తింది.

"ఒక ఇంట్లో కుట్టుమిషను చప్పుడు వినిపించింది."

"పార్కులో..." అంది అత్తగారు మెల్లిగా. "సాయంత్రాలు బెంచీ మీద కూర్చుంటాం కదా. వాళ్ళకీ ఫోన్లు వస్తుంటే విసుక్కున్నారు. నవ్వులాటకి చెప్పాను. ఇలా అనండి, మళ్ళీ చెయ్యరు అని. అందరం పడీపడీ నవ్వుకున్నాం. నిజంగా అంటారని..."

"ఇంకో ఇంట్లో కూతురు మాట్లాడింది. వాళ్ళమ్మ కూడా అవే మాటలు చెప్పిందట. చెప్పిన ఏడాదిన్నరకి, మొన్న చలికాలంలో, నిజంగానే పోయింది. ఫైలు మూసేశాం కాబట్టి మా ఆఫీసు నుంచి ఒక్కరు కూడా మళ్ళీ పలకరించలేదు. పేరు నాకు తెలియదు. సంగీతం టీచరట."

గిన్నె ఒళ్ళోంచి జారి బఠాణీలు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి. అత్తగారు లేవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా లోపలి నుంచి ఒక చప్పుడు బయటికి వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆవిడ చేసిన మొదటి పెద్ద చప్పుడు అది.

"బెంచీ మీద నా పక్కనే కూర్చునేది. ఆవిడ శవం దగ్గర కూర్చున్నానే అమ్మాయ్" అంది ఏడుస్తూ. "గుండెపోటని చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. నమ్మానో, నమ్మాలనుకున్నానో. నా మాటే ఆవిణ్ణి..."

కోడలు లేచి వెళ్ళి ఆవిడను పట్టుకుంది. ఆ ఒళ్ళు వెచ్చగా ఉంది. పొద్దుటినుంచి తాను భయపడింది దేనికో కోడలికి అప్పుడు తెలిసింది. ఇద్దరూ బఠాణీల మధ్య అలాగే కూర్చుండిపోయారు. సాయంత్రం డిపోనుంచి కొడుకు వచ్చి, విషయం విని, చాలాసేపు తల్లి పాదాల దగ్గర తలవంచుకుని కూర్చున్నాడు. "చప్పుడు తగ్గితే అడగాల్సింది అమ్మా" అన్నాడు.

మర్నాడు అత్తగారు ఒంటరిగా ఆస్పత్రికి వెళ్ళనంది. పార్కు బెంచీ స్నేహితురాళ్ళు ముగ్గురి తలుపులూ తానే తట్టింది. ఏ తలుపు ముందూ బతిమాలలేదు. "చెడగొట్టింది నేను, పదండి" అంది, అంతే. నలుగురూ వరసగా బెంచీ మీద కూర్చున్నారు. రిజిస్ట్రీ లెక్కలో నలుగురూ చనిపోయినవాళ్ళే. ఎదురుగా కాగితాలు పట్టుకుని నిలబడ్డ కోడలు వాళ్ళను రెండుసార్లు లెక్కపెట్టింది.

పది రోజుల్లో అన్నీ తేలాయి. కుట్టుమిషనావిడది ఉత్త కొవ్వు గడ్డ. "అయితే రెండేళ్ళు ఊరికే చచ్చానా?" అని ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. మిగతా ఇద్దరిలో ఒకరికి మందులు మొదలుపెట్టారు, ఒకరికి ఏమీ లేదన్నారు. అత్తగారిది పెరిగింది. ఆపరేషన్ చెయ్యాలి, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాతే చెప్పగలం అంది పెద్ద డాక్టరమ్మ. అబద్ధపు ధైర్యం చెప్పలేదు. ఈ కబుర్లన్నీ విన్నాక తన తెర మీది రెండు గీతల వైపు చూసి, "తప్పు అంకెలది కాదమ్మా, మనం అడిగే పద్ధతిది. ఇకనుంచి ఫోన్లు కాదు, మనిషి వెళ్ళాలి" అంది కోడలితో.

ఆపరేషన్‌కు ముందు రోజు అత్తగారు బట్టలు మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "సంగీతం టీచరింటికి వెళ్ళాలి. ఆ పిల్లకి నా నోటితో చెప్పాలి."

"ఇప్పుడే వద్దత్తయ్యా. ఆ అమ్మాయి మిమ్మల్ని ఎన్ని మాటలంటుందో."

"అననీ. అనిపించుకోకుండా ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకోలేను."

కూతురు తలుపు తీసింది. ముందుగదిలో హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది. పిల్లలు కూర్చునే చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. అత్తగారు కూర్చోలేదు. పార్కు బెంచీ, నవ్వులాట, తాను నేర్పిన ఆ మాట, రేపటి తన ఆపరేషన్, ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ఒకే చోట నిలబడి వింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"మీరు వెళ్ళండి" అంది చివరికి.

ఇద్దరూ బయటికి వచ్చారు. అత్తగారి నడక తూలుతుంటే కోడలు మోచెయ్యి పట్టుకుంది. వీధి గేటు దాకా వచ్చారో లేదో వెనకనుంచి అడుగులు వినిపించాయి. ఆ అమ్మాయి చెప్పుల్లేకుండా వచ్చేసింది. గేటు ఊచ పట్టుకుని, వాళ్ళ మొహాల్లోకి కాకుండా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"నాకూ చేతికి గడ్డొకటి తగులుతోంది. మూడు నెలలైంది. అమ్మ ఉంటే అమ్మకి చెప్పేదాన్ని."

అత్తగారు గేటు తోసుకుని వెనక్కి వెళ్ళింది. ఆ అమ్మాయి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"రేపు పొద్దున్నే ఏడింటికి తయారుగా ఉండు. నాతో వస్తున్నావు."

"రేపు మీకు ఆపరేషన్ అన్నారుగా?"

"ఊఁ. నేను లోపలికి వెళ్ళేలోపు నిన్ను డాక్టరమ్మకి అప్పగిస్తా. నేను లోపలున్నంతసేపూ ఇదిగో, మా కోడలు నీ పక్కన కూర్చుంటుంది" అంది అత్తగారు, వీధి చివరికి వినిపించేంత గట్టిగా.

ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. కోడలు తన చెప్పులు విడిచి ఆమె కాళ్ళ ముందు పెట్టింది. ఎండకు రోడ్డు కాలుతోంది.