పొగగొట్టంలో చెప్పు

సోమవారం... అమావాస్య... ఆపైన సంపూర్ణ సూర్యగ్రహణం!

పట్టపగలు మూడు గంటలకు, సముద్రాలవతలి హామిల్టన్ నగరం మీద చీకటి దిగడం మొదలైంది. మబ్బుల వెనక సూర్యబింబాన్ని ఏదో కరాళవక్త్రం కొంచెం కొంచెంగా కొరుకుతోంది. సరస్సు మీంచి వచ్చి గోల పెట్టే తెల్లపిట్టలు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. వీధిదీపాలు వాటంతటవే వెలిగాయి. తెల్లారితే ఉగాది. సరోజన ఆ ఉగాదిని చూస్తుందో లేదో!

నేలమాళిగలో మెట్టు మీద ఆమె భర్త కొమరయ్య పైకి చెవి పెట్టి కూర్చున్నాడు.

ఆ ఇల్లు నూట యాభై ఏళ్ళ ముసలిది. ఇంగ్లండు నుంచి వచ్చిన దొర ఎవడో, వదిలొచ్చిన ఊరిని తలుచుకుని కట్టించుకున్నాడు. పక్కింటితో గోడ పంచుకున్న సన్నటి మూడంతస్తులు, ఎర్రిటుక, పైకి లేపే నిలువు కిటికీలు, గదికో ఫైర్‌ప్లేసు పొయ్యి, వాటన్నిటి పొగనూ మింగి ఆకాశంలోకి కక్కే ఒకే ఒక్క పొగగొట్టం! దొరలకు వెడల్పాటి ముందు మెట్లు. పనోళ్ళకు వెనక మెట్లు... ఇరుగ్గా, చీకటిగా, ఎవరి కంటా పడకుండా. ఇప్పుడదంతా ఆఫీసులు. సున్నంతో పోసిన పూలతీగలు ఫాల్స్ సీలింగ్ వెనక చచ్చిపడి ఉన్నాయి. వెనక మెట్లను డ్రైవాల్ పలకల గోడతో మూసేశారు. మూసింది కొమరయ్యే. ఆ ఇంట్లో ప్రతి గోడా అతని చేతి కింద పడిందే. అయినా అతని పేరు ఏ బోర్డు మీదా లేదు. ఏ ఊళ్ళోనైనా అంతే కదా!

రెండో అంతస్తు అమరేశ్వరరావుది. బోర్డు మీద వాస్తు, జాతకం. బోర్డు వెనక... కపాలం!

నెల కిందట ఆ గదిలో ఫైర్‌ప్లేసు తెరుస్తుంటే, పొగగొట్టం లోపలి అరలో కొమరయ్య చేతికి ఒక పాత తోలుచెప్పు తగిలింది. నల్లగా, ఎండి, ఎవరిదో పాదం ముద్ర ఇంకా లోపలే ఉంది. మేస్త్రీ చేతికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"సార్, గిది తియ్యద్దు. మా దిక్కు కొత్త గోడకు పాత చెప్పు కడ్తం. కట్టినోడు గిది ఊకెనే పెట్టలే."

"ఏడో తరగతి చదివినవాడివి, నాకు వాస్తు నేర్పుతావా మేస్త్రీ? అగ్నిస్థానంలో పాదరక్షా! మహాపచారం! తీసి అవతల పారెయ్!"

పారేశాడు. తెలిసి తెలిసి పారేశాడు. చదువుకున్నోడు గద్దిస్తే చదువులేనోడు వినడం అలవాటైన బతుకు. మర్నాడు ఆ పొయ్యిలో బూడిద ఎత్తడానికి, ఆ గదులు ఊడ్చే సరోజన వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి రమ్మన్నాడు సారు. ఉత్తికాళ్ళతో పొయ్యి ముందు వంగింది... అంతే!

ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టలేదు. బొగ్గు నమిలేది. రాత్రంతా గోడకు చెవి ఆనించి కూర్చునేది. "గ్రహణ సమయంలో పట్టినదాన్ని విడిపిస్తాను, ఒంటరిగా పంపు. నువ్వు కింద ఉండు" అన్నాడు సారు. దణ్ణం పెట్టి మరీ పంపాడు కొమరయ్య!

ఇప్పుడు... నేలమాళిగ పొయ్యిలోంచి, ఆ పొగగొట్టం గుండా, పైగది మాటలు గంభీరంగా దిగి వస్తున్నాయి.

"లే, నిశాచరీ! చెప్పు బంధం తెంచి నిన్ను విడిపించింది నేను! బింబం పూర్తిగా మరుగైన క్షణాన ఈ స్త్రీ ప్రాణం నీకు ఆహారం... ఆ పైన ఈ కపాలంలో నువ్వు నాకు దాసివి!"

కొమరయ్య ఒక్క ఉరుకున లేచాడు. ముందు మెట్ల తలుపు తాళం... తన్నాడు. కదల్లేదు. వెనక మెట్లు! సుత్తి అందుకున్నాడు. తన చేతులతో మూసిన గోడను తన చేతులతోనే ఛిద్రం చేసి, ఆ ఇరుకు చీకట్లో పిచ్చివాడిలా పైకి ఎగబాకాడు. పైన మరో గోడ... అదీ తన పనితనమే... ఫెళ్ళున పగిలింది!

భయంకరమైన దృశ్యం! మూడు దీపాల నడుమ కపాలం. దాని ముందు జుట్టు విరబోసుకున్న సరోజన... కనుగుడ్లు తెల్లగా తేలేసి... నోటి వెంట బొగ్గు నురగ!

"ఛీ! బూటుకాళ్ళతో మండలంలోకా! బయటికి పో!" అమరేశ్వరరావు గొంతులో కోపం కాదు... భయం!

కొమరయ్య చూశాడు. సారువి ఉత్తికాళ్ళు. సరోజనవీ ఉత్తికాళ్ళే. చెప్పున్న కాలిని అది తాకదు!

కూలబడి ఒక బూటు లాగేశాడు. పన్నెండు చలికాలాలు తొక్కిన బూటు, అతని మడమ గుంట లోపల అచ్చుపడి ఉంది. సరోజన వికటంగా అరుస్తూ అతని గొంతు పట్టుకుంది.

"సరోజనా... నేనే... కాలియ్యి పిల్లా!"

ఊపిరాడకపోయినా ఆమె ఎడమకాలికి బూటు తొడిగేశాడు. ఆమె నోట్లోంచి నల్లటి పొగ ఒక్క పెట్టున వెలికొచ్చింది. తెగిన తీగలా కూలిపోయింది సరోజన. రెండో బూటు ఊడబెరికి, పొయ్యిలోకి దూరి, ఆ పాత అరలో పెట్టాడు.

బయట సూర్యుడు పూర్తిగా ఆరిపోయాడు!

ఆ పొగ గదంతా తడిమింది. మేజోళ్ళతో మిగిలిన కొమరయ్య పాదాల దగ్గర ఆగింది. వాసన చూసింది... అరలోని బూటు వాసనే! గోడలన్నిటి మీదా ఉన్న చేతి వాసనే! కట్టినోడు! పాము నిప్పును చూసినట్టు వెనక్కి జంకింది. సరోజన కాలికీ ఆ బూటే. ఇక ఆ గదిలో కాపు లేనివి సారు కాళ్ళే!

"వద్దు! నేను నీ యజమానిని! మేస్త్రీ... కొమరయ్యా... నీ కాళ్ళు పట్టుకుంటా, ఏదో ఒకటి నా కాలికి తొడుగు!"

"ఏడో తరగతోణ్ణి సార్. నాకేం తెలుస్తది!"

పొగ అతని చీలమండలు చుట్టింది. ఇటుకలు గుర్రుమన్నాయి. జానెడు పొగగొట్టం నోరు బారెడు తెరిచింది. నేలను గోళ్ళతో గీరుతూ, హాహాకారాలు చేస్తూ, అమరేశ్వరరావు కాళ్ళు ముందుగా ఆ నల్లటి గొంతులోకి జారిపోయాడు. అరుపు పైకి... పైపైకి... పైకప్పు దాటి ఆగింది. కపాలం తనంతట తానే రెండు చెక్కలైంది.

నిమిషమున్నర చీకటి. ఆ తర్వాత కిటికీలోంచి నీరెండ.

"ఏమయ్యా... నా కాలికి నీ బూటేంది?" అడిగింది సరోజన. నెల తర్వాత ఆమె గొంతులో మాట్లాడింది ఆమే! కొమరయ్యకు ఏడుపు ఆగలేదు.

నేలమాళిగ నుంచి ఇటుకలు, తాపీ, సున్నం తెచ్చాడు. ఆమె ఒక్కొక్క ఇటుకా అందిస్తుంటే పొయ్యి నోరు మూసేశాడు, లోపలి బూటుతో సహా.

"పోదాం పా" అన్నాడు చివరి ఇటుక తట్టి, వెనక మెట్ల వైపు అలవాటుగా నడవబోతూ.

సరోజన అతని చెయ్యి పట్టి ఆపింది. సారు బల్ల మీద తాళంచెవి తీసుకుంది.

దొరల మెట్ల మీదుగా దిగారు. మంచు కరిగిన తడి వీధిలోకి... ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క బూటుతో.