చేపల అర మూత

2002 వేసవి. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. వాడరేవు ఇసుకలో మూడేళ్లుగా పడున్న తన పడవని బాగుచెయ్యమని జయపాల్ చీరాల నుంచి రంజాన్‌ని పిలిపించాడు. పడవల వడ్రంగంలో రంజాన్‌ది మంచి చెయ్యి.

"సగం చెక్కలు మారిస్తే చాలండీ. మిగతావి గట్టిగానే ఉన్నాయి," అన్నాడు రంజాన్.

"పాతది ఒక్క చెక్క కూడా ఉండకూడదు." జయపాల్ గొంతు తగ్గించాడు. "అమ్మబోతే ఎవడూ కొనలేదు. తగలబెట్టబోతే అంటుకోలేదు."

మూడేళ్ల కిందట ఆ పడవలోనే జయపాల్‌తో వేటకెళ్లిన యేసుపాదం తిరిగి రాలేదు. అల లాక్కుపోయిందని జయపాల్ చెబితే ఊరంతా నమ్మింది. యేసుపాదం భార్య ఎలీసమ్మ మాత్రం నమ్మలేదు.

రెండు వారాలకి అన్నీ మారాయి. పడవ అడుగున పట్టిన చేపలు వేసే అర మూత ఒక్కటే మిగిలింది. మిట్టమధ్యాహ్నం, రేవులో ఎవరూ లేరు. ఎండుచేపల వాసన, కాగుతున్న తారు వాసన. రంజాన్ మూత ఎత్తి తిరగేశాడు. అంచు పొడుగునా పైనుంచి దిగ్గొట్టిన మేకుల బెజ్జాలు. లోపలివైపు గోళ్లతో గీరిన గీతలు. ఒక గీత చివర... విరిగిన గోరు.

అంత ఎండలోనూ చెక్క చల్లగా ఉంది.

"ఇది... ఉంచు..."

చెవి పక్కనే. తడిసిన గొంతు.

 సాయంత్రానికి రంజాన్ మూతని మళ్లీ బిగించి, దాని మీద నీలం రంగు పూశాడు. ఇంటికి పోతూ ఎలీసమ్మకి చూసిందంతా చెప్పాడు.

"అంతా కొత్తదేనా?" అనడిగాడు జయపాల్ మర్నాడు.

"కొత్తదేనండీ."

నిషేధం ఎత్తేసిన రోజు జయపాల్ ఒక్కడే పడవని నీళ్లలోకి తీసుకెళ్లాడు. పొద్దు వాలేవేళ, గాలి లేకుండానే, చేపలు ఎండేసే చోటుకి పడవ తనంతట తానే వచ్చి ఆగింది. అందులో మనిషి లేడు. ఎండుచేపలు తిరగేస్తున్న ఎలీసమ్మ రంజాన్‌కి కబురు పెట్టింది.

రంజాన్ వచ్చి చూస్తే అర మూత బిగుసుకుపోయి ఉంది. మేకుల మొనలు పైకి పొడుచుకొచ్చాయి... లోపల్నుంచి కొట్టినట్టు.

లోపల ఎవరో తడుతున్నారు.

"రంజాన్... తియ్యి..." జయపాల్ గొంతే.

రంజాన్ ఉలి అందుకున్నాడు. ఎలీసమ్మ వచ్చి మూత మీద కూర్చుంది.

"తియ్యకు, అన్నా."

"చచ్చిపోతాడమ్మా."

"మా ఆయన ఎంతసేపు తట్టాడో."

రంజాన్ ఉలి కింద పెట్టేశాడు.

పొద్దుగూకేసరికి చప్పుడు ఆగింది. అప్పుడు లేచిందామె. రంజాన్ మూత పెకలించాడు.

అర ఖాళీ. మనిషి లేడు. చుక్క నీళ్లు లేవు.

ఇద్దరూ ఇసుకలోకి దిగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

తడుతున్న చప్పుడు... పడవలోంచి కాదు. ఇసుక కిందనుంచి, తియ్యమన్నట్టు.

ఆమె కాళ్ల కింద ఒకటి. అతని కాళ్ల కింద ఒకటి.